తగ్గుట వేరు, పోవుట వేరు

మా కేంద్రానికి వచ్చే ఉత్తరాలలో ఎక్కువ భాగం పాటలు కోరేవే. నాటకం మరల ఒకసారి వినిపించమని అడిగేవి కొన్ని. ఆరోగ్య ప్రసంగాలు విని సందేహం తీర్చమని వ్రాసేవారు తక్కువే కాని, వ్రాసినవారు మాత్రం కాగితానికి రెండువైపులా నింపి వ్రాస్తారు. అటువంటి ఉత్తరం ఒకటి ఒక తల్లి వద్దనుండి వచ్చింది. ఆమె ఊరూ పేరూ ఇక్కడ చెప్పవలసిన పని లేదు.

ఆమె కుమారునికి ఏడేండ్లు. వేసవి చివర పిల్లవాడు రాత్రులు లేచి చెంబులకొద్దీ నీళ్ళు త్రాగడం మొదలుపెట్టాడు. ఎన్నడో మానిన పక్క తడిపే అలవాటు తిరిగి వచ్చింది. తింటూనే ఉన్నాడు, చిక్కిపోతున్నాడు. ఒకనాడు వాంతులు పట్టుకొని, ఊపిరి బరువుగా తీస్తూ, మగతలో పడిపోతే పట్నం తీసుకొనిపోయారు. అక్కడ రక్తం పరీక్షించి, ఇది మధుమేహమని, మొదటి రకమని, బిడ్డకు ఇక ప్రతిదినమూ ఇన్సులిన్ సూదిమందు తప్పదని చెప్పారు. ఇరవై కిలోల పిల్లవానికి దినానికి 16 యూనిట్లు. తల్లి గుండె రాయి చేసుకొని సూది వేయడం నేర్చుకొన్నది.

తరువాతిదే అసలు కథ. ఆరు వారాలు గడిచేసరికి పిల్లవాని రక్తంలో చక్కెర దిగివస్తున్నది. వైద్యుడు మోతాదు 12కు, తరువాత 9కి, చివరకు 6 యూనిట్లకు తగ్గించారు. ఈలోగా మూడవ వారంలో దగ్గరి బంధువు ఒకరు ఎక్కడినుండో ఒక చూర్ణం తెప్పించి పెట్టారు. అదికూడా ఉదయం, సాయంత్రం పడుతున్నది. "మా మామగారు, ఇంక ఆ ఆరు యూనిట్లు మాత్రం దేనికి, పసివాణ్ణి పొడవడం మాని చూర్ణం ఒక్కటే వేయమంటున్నారు. మావారికీ అదే ఇష్టం. జబ్బు తగ్గినట్టేనా అండీ?" అని ఆమె ప్రశ్న.

సూది ఒక్కపూట కూడా మానవద్దనీ, వెంటనే మీ వైద్యుని కలుసుకొమ్మనీ ఆమెకు ఆనాడే టపాలో జవాబు వ్రాశాము. కాని ఆ ప్రశ్నకు కార్డుముక్కపై పట్టే జవాబు చాలదు. అందుచేతనే ఈ ప్రసంగం.

మన భాషలో ఒక చిక్కు ఉన్నది. జ్వరం తగ్గిందంటే జ్వరం పోయిందనే మనకు అర్థం. దగ్గు తగ్గింది, పుండు తగ్గింది అన్నప్పుడూ అంతే. ధర తగ్గింది, ఎండ తగ్గింది అంటే మాత్రం కొంత కరిగిందని భావం. ఇన్సులిన్ మోతాదు తగ్గిందన్న వైద్యుని మాట రెండవ అర్థంలో పుట్టి, ఇల్లు చేరేసరికి మొదటి అర్థంలోకి మారిపోతుంది. ఆ తల్లి అడిగిన ప్రశ్నలో ఉన్న చిక్కు ఇదే. ఆమె కుమారునికి కలిగినదానిని వైద్యశాస్త్రం పాక్షిక ఉపశమనం అంటున్నది. ఉపశమించడమంటే అణగి ఉండడం. పోవడం కాదు.

ఇంతకూ ఏమి అణగినది? అది తెలియాలంటే వ్యాధి స్వరూపం కొంత తెలియాలి. మధుమేహం ఒకటే కాదన్న సంగతి మన పూర్వులకు కొత్త కాదు. సుశ్రుతుడు ప్రమేహాలను సహజమనీ, అపథ్యం వలన కలిగేదనీ రెండుగా విడదీసి, మొదటిదానిలో రోగి కృశించి ఉంటాడనీ, రెండవదానిలో స్థూలకాయుడై ఉంటాడనీ చెప్పాడు. ఈనాటి విభజన సరిగ్గా అదేనని చెప్పడం సాహసమవుతుంది కాని, ఆ చూపు మాత్రం మెచ్చుకోదగినది. మన ఇండ్లలో తాతగారికో అమ్మమ్మగారికో ఉండే చక్కెరవ్యాధి రెండవ రకం. దానిలో ఇన్సులిన్ పుడుతూనే ఉంటుంది. అది చాలకపోవడమో, శరీరం దానికి లొంగకపోవడమో జరుగుతుంది. మాత్రలతో, నడకతో, పథ్యంతో చాలామందికి అది అదుపులో ఉంటుంది. పిల్లలలో వచ్చే మొదటి రకంలో ఇన్సులిన్‌ను పుట్టించే కణాలే నశిస్తూ ఉంటాయి. తాతగారికి పనిచేసిన ఉపాయం మనుమడికి పనిచేయకపోవడానికి కారణం ఇదే. ఒకే పేరు పెట్టుకొన్న రెండు వ్యాధులు ఒకే ఇంటిలో ఉండడం వలన జరిగే అనర్థం ఇంతా అంతా కాదు.

ఆ కణాలు క్లోమగ్రంథిలో చిన్న చిన్న దిబ్బలవలె చెదరి ఉంటాయి. 1869లో బెర్లిన్‌లో వైద్య విద్యార్థిగా ఉన్న పాల్ లాంగర్‌హాన్స్ సూక్ష్మదర్శినిలో వాటిని మొదట చూశాడు కాని, వాటి పని ఏమిటో ఆయనకు తెలియలేదు. ఇరవై ఏండ్ల తరువాత, 1889లో, స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ అనే ఇద్దరు కుక్కకు క్లోమం తీసివేసి చూస్తే దానికి మధుమేహం వచ్చింది. అటు తరువాత మరి ముప్పై ఏండ్లకు పైగా గడిచి, 1921లో కెనడాలోని టొరాంటోలో బాంటింగ్, బెస్ట్ అనేవారు మెక్లియోడ్ ప్రయోగశాలలో క్లోమంనుండి సారం తీయగలిగారు. 1922 జనవరి 11వ తేదీన లెనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేండ్ల బాలునికి ఆ సారం ఎక్కించారు. అది శుద్ధంకాని సరుకు. సూది వేసినచోట గడ్డ కట్టింది, ఫలితం అంతంతమాత్రం. కాలిప్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు రాత్రింబవళ్ళు కూర్చుండి శుద్ధి చేసినదానిని జనవరి 23న తిరిగి ఇచ్చారు. బాలుడు తేరుకొన్నాడు. అంతకు ముందు ఈ వ్యాధి వచ్చిన బిడ్డకు వైద్యుడు ఇవ్వగలిగినది ఉపవాసం ఒక్కటే. తిండి మాన్పించి కొన్ని నెలలు నిలబెట్టడం, ఆ పైన చూస్తూ ఊరుకోవడం.

ఇన్సులిన్ వచ్చిన తరువాతనే వైద్యులకు ఈ విచిత్రం కనపడింది. బిడ్డ బ్రతికి ఉంటేనే కదా తరువాత ఏమి జరుగుతుందో తెలిసేది! చికిత్స మొదలైన కొన్ని వారాలకు కొందరు పిల్లలకు మందు అవసరం బాగా పడిపోవడం, కొన్ని నెలలకు మరల పెరగడం గమనించి 1940 ప్రాంతానికే వైద్య పత్రికలలో వ్రాశారు. కారణం మాత్రం చాలాకాలం చీకటిలోనే ఉన్నది.

దానిపై వెలుగు ప్రసరింపజేసినవారిలో బెల్జియం దేశపు విల్లీ గెప్ట్స్ ముఖ్యుడు. వ్యాధి బయటపడిన కొద్ది నెలలకే మరణించిన 22 మంది యువరోగుల క్లోమాలను ఆయన ఓపికతో పరిశీలించి 1965లో ప్రకటించాడు. వారిలో 15 మంది క్లోమాలలో ఆ దిబ్బల చుట్టూ తెల్ల రక్తకణాలు ముట్టడి వేసినట్టు కనిపించాయి. అంతకంటె మనకు కావలసిన సంగతి మరొకటి ఆయన చూశాడు. ఇన్సులిన్ పుట్టించే బీటా కణాలు పూర్తిగా పోలేదు. మామూలుగా ఉండవలసినదానిలో సుమారు పదవ వంతు అప్పటికీ మిగిలి ఉన్నాయి. 1974లో లండన్‌లో బొటాజో అనే శాస్త్రజ్ఞుడూ, ఆయన సహచరులూ రోగుల రక్తంలో ఆ కణాలపై గురిపెట్టిన ప్రతిదేహాలను కనుగొన్నారు. శరీరాన్ని కాపాడవలసిన రక్షకభటులే పొరపాటున ఇంటివారిపై విరుచుకుపడుతున్నారన్నమాట. ఎంత మిగిలి ఉంటుందన్నది వయస్సునుబట్టి మారుతుందని తరువాతి పరిశోధనలు చెప్పాయి. చాలా చిన్నపిల్లలలో నాశనం త్వరగా సాగుతుంది. యౌవనంలో వ్యాధి వచ్చినవారికి మిగులు ఎక్కువ.

వేసవిలో మన ఊటబావులను చూచినవారికి ఈ తరువాతి సంగతి చెప్పడం తేలిక. ఊటలు సన్నగిల్లిన బావిలో తెల్లవారుజామునుండి వీధివీధంతా చేదలు వేస్తే మధ్యాహ్నానికి బురద తేలుతుంది. బావి ఎండిపోయిందని అందరూ అంటారు. కాని ఊట పూర్తిగా ఆగలేదు. వచ్చే నీటికంటె తోడే నీరు హెచ్చు, అంతే. ఎక్కడినుండో బండిమీద పీపాలతో నీరు తెచ్చిపోసి ఆ బావికి నాలుగు దినాలు విశ్రాంతి ఇస్తే, మరల మోకాలిలోతు నీరు నిలుస్తుంది.

మిగిలిన ఆ కొద్ది బీటా కణాల గతి అదే. రక్తంలో చక్కెర విపరీతంగా పెరిగినప్పుడు అవి శక్తికి మించి పాటుపడి అలసి, దాదాపు పని మానివేస్తాయి. ఆ చక్కెర అతిశయమే వాటికి విషమవుతుంది. అదే సమయంలో కండరాలూ, కాలేయమూ ఇన్సులిన్ మాట వినడం మానివేస్తాయి. బయటినుండి ఇన్సులిన్ ఇచ్చి చక్కెరను దింపితే రెండు మేళ్ళు ఒకేసారి కలుగుతాయి: అలసిన కణాలు తేరుకొని తమ వంతు పని తిరిగి మొదలుపెడతాయి, శరీరం మరల కొద్ది ఇన్సులిన్‌కే లొంగుతుంది. అందువలననే 16 యూనిట్లు కావలసిన బిడ్డకు 6 చాలుతాయి. మిగిలినది ఎక్కడినుండీ రాలేదు. బిడ్డ తన క్లోమంనుండి తానే ఇస్తున్నాడు.

కాని బావి కథలో ఒక తేడా ఉన్నది. వాన పడితే బావి ఊటలు తిరిగి తెరుచుకుంటాయి. ఇక్కడ ముట్టడి ఆగలేదు. ఉపశమనం సాగుతున్న దినాలలోనే, లోపల, ఆ మిగిలిన కణాలు కూడా ఒకటొకటిగా రాలుతూ ఉంటాయి.

పాశ్చాత్య వైద్యులు ఈ దశకు హనీమూన్ అని పేరు పెట్టారు. కొత్త దంపతుల మురిపెం కొద్దికాలమే అన్న పరిహాసం అందులో ఉన్నది. పసిబిడ్డ వ్యాధికి ఆ పేరు మాకు రుచించదు. ఆసుపత్రిలో ఆ మాట వినవలసివస్తే కంగారుపడవద్దని చెప్పడానికే ఇక్కడ ప్రస్తావించాము. పాక్షిక ఉపశమనం అన్న మాటే మనకు మేలు. అందులో "పాక్షిక" అన్న ముందుమాట మరీ మేలు.

బిడ్డ ఈ దశలో ఉన్నాడో లేదో చెప్పడానికి వైద్యులకు ఒక లెక్క ఉన్నది. పూర్వం ఎవరి కొలత వారిది. 2009లో హ్విడోర్ అనే అంతర్జాతీయ బాలవైద్య బృందం 16 ఏండ్ల లోపు వయస్సుగల 275 మంది పిల్లలను వ్యాధి మొదటినుండి అనుసరించి, ఇంటివారుకూడా వేసుకోగల సులభ సూత్రం తయారుచేసింది. గత రెండు మూడు నెలల చక్కెర సగటును తెలిపే ఏవన్‌సీ అనే రక్తపరీక్ష శాతాన్ని తీసుకోవలెను. బిడ్డ బరువులో కిలోకు దినానికి ఎన్ని యూనిట్లు పడుతున్నదో చూచి, దానిని నాలుగుతో హెచ్చించి, ఆ శాతానికి కలపవలెను. వచ్చిన మొత్తం 9 గాని, అంతకు తక్కువ గాని అయితే ఉపశమనమని అర్థం. మనకు ఉత్తరం వ్రాసిన తల్లి కుమారునికి 20 కిలోలకు 6 యూనిట్లు, అనగా కిలోకు 0.3. నాలుగుతో హెచ్చిస్తే 1.2. ఏవన్‌సీ 7 ఉన్నదనుకొంటే మొత్తం 8.2. ఉపశమనమే. అదే ఏవన్‌సీకి మొదటి 16 యూనిట్లు పడుతూ ఉంటే మొత్తం 10.2 అయ్యేది. లెక్కలో కిటుకు ఏమిటంటే, చక్కెర ఒక్కటే బాగున్నదంటే చాలదు. ఎంత మందుతో బాగున్నదన్నది కూడా చూడవలెను. మోతాదును మాత్రం ఈ లెక్కనుబట్టి ఇంటివద్ద మార్చరాదు. అది వైద్యుని పని.

అందరు పిల్లలకూ ఈ దశ రాదు. వచ్చేవారు ఎందరన్నది కొలిచే పద్ధతినిబట్టి మారుతున్నది. రమారమి సగంమంది అనుకొంటే పెద్ద పొరపాటు ఉండదు. సాధారణంగా చికిత్స మొదలైన కొన్ని వారాలలో, ఆరు నెలలలోగా మొదలవుతుంది. కొన్ని వారాలు ఉండవచ్చు, కొన్ని నెలలు ఉండవచ్చు, కొందరిలో ఏడాదిని దాటవచ్చు. అయిదేండ్లలోపు పిల్లలకూ, రక్తం ఆమ్లమయమై ప్రాణంమీదికి వచ్చిన తరువాత వ్యాధి బయటపడిన పిల్లలకూ వచ్చే అవకాశం తక్కువ. రాకపోతే అది తల్లిదండ్రుల లోపమూ కాదు, వైద్యుని లోపమూ కాదు.

ఇప్పుడు ఆ చూర్ణం సంగతికి వద్దాము. ఆ చూర్ణంలో ఏమి ఉన్నదో మాకు తెలియదు. దానిని తెచ్చినవారు దురుద్దేశంతో తెచ్చారని అనడం లేదు. కాని తేదీలను చూడండి. వ్యాధి బయటపడి సూదిమందు మొదలైన తరువాత ఇంటిల్లిపాదీ తల్లడిల్లి నలుగురినీ అడిగి, ఎవరో ఒకరిద్వారా వేరు మందు సంపాదించేసరికి రెండు మూడు వారాలు పడుతుంది. సరిగ్గా అప్పుడే ఇన్సులిన్ పుణ్యమా అని కణాలు తేరుకొనడం మొదలవుతుంది. చూర్ణం వేశాము, చక్కెర దిగింది! కళ్ళారా చూచిన సాక్ష్యం. చూర్ణానికి బదులు తాయెత్తు కట్టినా, మొక్కు మొక్కినా, ఏమీ చేయక ఊరుకొన్నా ఆ బిడ్డ చక్కెర ఆ వారమే దిగి ఉండేది. తెల్లవారుజామున కోడి కూయడం చూచి, కోడి కూతవలననే ప్రొద్దు పొడిచిందనుకొన్నట్టుంటుంది ఇది. చదువుకొన్నవారుకూడా ఇందులో పడుతున్నారు. బిడ్డమీది ఆశ అటువంటిది. వారిని చూచి నవ్వే హక్కు మాకు లేదు.

నవ్వరాదు కాని, హెచ్చరించక తప్పదు. సూది ఆపిన దినం ఏమీ కాదు. మరునాడూ పెద్దగా ఏమీ కాకపోవచ్చు. మిగిలిన కణాలు తమ ప్రయత్నం తాము చేస్తాయి. ఆ నాలుగు దినాల ప్రశాంతతే "చూచారా, చెప్పలేదా" అనిపిస్తుంది. తరువాత బిడ్డకు ఏ జ్వరమో జలుబో తగిలినప్పుడు ఇన్సులిన్ అవసరం హఠాత్తుగా పెరుగుతుంది. ఇన్సులిన్ లేని శరీరం చక్కెరను వాడుకోలేక కొవ్వును కాల్చుకొంటుంది. ఆ మంటనుండి కీటోన్లనే ఆమ్లపదార్థాలు పుట్టి రక్తాన్ని చెరుపుతాయి. వాంతులు, కడుపునొప్పి, పండిన పండువాసన వేసే ఊపిరి, లోతుగా వేగంగా వగర్పు, మగత. కడుపునొప్పి చూచి అజీర్ణమనీ, వగర్పు చూచి ఊపిరితిత్తుల జబ్బనీ భ్రమపడి కాలం పోగొట్టుకొన్నవారు కలరు. ఈ స్థితి గంటలలో ముదురుతుంది. ఇంటిలో చేసే చికిత్స దీనికి లేదు. జ్వరం వచ్చి బిడ్డ అన్నం ముట్టకపోయినా ఇన్సులిన్ పూర్తిగా మానరాదు. ఎంత ఇవ్వవలెనో వైద్యుని అడిగి, రక్తంలో చక్కెరనూ, వీలైతే కీటోన్లనూ పలుమార్లు చూచుకొంటూ ఇవ్వవలెను.

ఇదంతా విని భయపడి మోతాదును తగ్గించడమే మానివేసే తల్లిదండ్రులుంటారు. అదీ ప్రమాదమే. బిడ్డ క్లోమం తన వంతు ఇస్తూ ఉంటే, బయటినుండి పాత 16 యూనిట్లే పడితే చక్కెర మరీ దిగిపోతుంది. చెమట, వణుకు, ఆకలి, కారణంలేని ఏడుపు, తడబాటు కనిపిస్తాయి. చిన్నపిల్లలు చెప్పలేరు, పెంకితనం చేస్తారు. పెంకితనమని దెబ్బ వేసేముందు వేలికొసనుండి బొట్టు తీసి పరీక్షించండి. డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటె తక్కువ ఉంటే ఒకటి రెండు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి గాని, గ్లూకోజు పొడి గాని ఇచ్చి పదిహేను నిమిషాలకు తిరిగి చూడవలెను. స్పృహ తప్పిన బిడ్డ నోటిలో ఏదీ పోయరాదు. అప్పుడు ఆసుపత్రే దిక్కు. ఈ దశలో మోతాదు వారంవారం మారుతుంది గనుక, ఇంటిలో ఒక నోటుపుస్తకం పెట్టి ఏ పూట చక్కెర ఎంత, ఎన్ని యూనిట్లు, ఏమి తిన్నాడు అన్నది వ్రాయడం మంచిది. పాలవాని లెక్క వ్రాసే ఇల్లాలికి ఇది కష్టమేమీ కాదు.

మోతాదు చిన్నదైన కొద్దీ పొరపాటు పెద్దదవుతుందని కూడా గుర్తుంచుకోవలెను. మన దేశంలో ఇన్సులిన్ రెండు బలాలలో దొరుకుతుంది: మిల్లీలీటరుకు 40 యూనిట్లది ఒకటి, 100 యూనిట్లది మరొకటి. దేని సిరంజి దానికే. మొదటిదానికి ఎర్రమూత, రెండవదానికి నారింజరంగు మూత. నూరు యూనిట్ల మందును ఎర్రమూత సిరంజితో తీస్తే గీతలో కనిపించినదానికి రెండున్నర రెట్లు ఒంటిలోకి పోతుంది. ఆరు యూనిట్లు అనుకొన్నది పదిహేను అవుతుంది. దుకాణంలో సిరంజి చేతిలో పెట్టగానే మూతరంగు చూడండి. అరయూనిటు చొప్పున కొలవగల పెన్నులుకూడా ఉన్నవి. చిన్నపిల్లలకు అవి సుఖం. మందు గడ్డకట్టరాదు, ఎండ తగలరాదు. ఫ్రిజ్ లేని ఇంటిలో, కరెంటు నిలవని వేసవిలో, నీరు పోసిన మట్టికుండలో పొడిడబ్బా ఉంచి అందులో సీసాను భద్రపరచడం మన పల్లెలలో చాలాచోట్ల అనుభవంలో ఉన్న పద్ధతే.

ఎలాగూ పోయేదే అయితే ఈ ఉపశమనంవలన లాభమేమిటని అడగవచ్చును. చాలా ఉన్నది. సొంత ఇన్సులిన్ కొద్దిగానైనా ఉన్న బిడ్డకు చక్కెర ఎగుడుదిగుళ్ళు తక్కువ. 1983నుండి 1993వరకు అమెరికా, కెనడాలలో 1441 మంది రోగులతో జరిగిన పెద్ద పరిశోధన, సొంత ఇన్సులిన్ మిగిలినవారికి చక్కెర ప్రమాదకరంగా పడిపోవడమూ, కంటి రెటీనా చెడడమూ తక్కువని చూపింది. మొదటినుండి శ్రద్ధగా చికిత్స చేసినవారికి ఆ మిగులు ఎక్కువకాలం నిలిచిందని కూడా చూపింది. అనగా ఆ చిన్న మోతాదు కేవలం లోటు పూడ్చడం లేదు, మిగిలిన కణాలకు విశ్రాంతినీ ఇస్తున్నది. సూదిమందు మాన్పించి వాటిని కాపాడుదామనుకొన్న మామగారి ఆలోచన సరిగ్గా తలక్రిందులు.

ఈ దశను సాగదీయాలన్న ప్రయత్నం కొత్తది కాదు. 1980వ దశకంలో సైక్లోస్పోరిన్ అనే మందుతో శరీరరక్షణ శక్తిని అణచిచూశారు. ఉపశమనం సాగింది. కాని మూత్రపిండాలకు ముప్పు వచ్చింది, మందు ఆపగానే ఫలితమూ ఆగింది. 2022 నవంబరులో అమెరికాలో టెప్లిజుమాబ్ అనే మందును, వ్యాధి ఇంకా పూర్తిగా బయటపడని ఎనిమిదేండ్లు పైబడినవారికి, దాని రాకను వాయిదా వేయడానికై అనుమతించారు. 2023లో అదే మందును కొత్తగా వ్యాధి బయటపడిన 8 నుండి 17 ఏండ్ల పిల్లలకు ఇచ్చిచూస్తే, సొంత ఇన్సులిన్ శక్తి కొంత ఎక్కువగా నిలిచింది. కాని వారు వాడే ఇన్సులిన్‌లో చెప్పుకోదగిన తేడా రాలేదు. ఆశ కలిగించే సంగతే. కాని ఏ పరిశోధకుడూ దీనిని నయం చేయడమని అనలేదు. మూడు నెలలలో శాశ్వతంగా పోగొడతామని గోడలమీద వ్రాసేవారికి మాత్రమే ఆ ధైర్యం ఉన్నది.

చివరకు ఒకదినం మోతాదు మరల పెరగడం మొదలవుతుంది. ఆరు ఎనిమిదవుతుంది, ఎనిమిది పది అవుతుంది. మేము వైద్యులతో మాటాడినప్పుడు, మొదటిసారి వ్యాధిపేరు విన్నదినంకంటె ఈ దినమే తల్లులు ఎక్కువ ఏడుస్తారని ఒకరు చెప్పారు. ఉగాదినాడు బొబ్బట్టు పెట్టామనీ, చుట్టం ఇంటిలో పాయసం తిననిచ్చామనీ, ఏ పాపం చేశామోననీ కుమిలిపోతారట. బొబ్బట్టు తిన్న పూట చక్కెర పెరిగిన మాట నిజమే. కాని నెలనెలా మోతాదు పెరగడానికి బొబ్బట్టు కారణం కాదు. మిగిలిన కణాలు తరిగిపోవడం ఒక కారణం, బిడ్డ ఎదగడం మరొకటి. ఉపశమనం దాటిన బాలునికి కిలోకు దినానికి 0.7 నుండి 1 యూనిటు వరకు పట్టడం సామాన్యం. యుక్తవయస్సులో ఇంకా హెచ్చు. మోతాదు పెరగడం వ్యాధి ముదరడానికి గుర్తు కాదు. ఎదిగే పిల్లవానికి చొక్కా కొలత పెరగడంవంటిది. మరొక విశేషం: అమెరికాలో యాభై ఏండ్లకు పైబడి ఈ వ్యాధితో జీవించినవారిని పరీక్షించి 2010లో ప్రకటించిన ఫలితాలలో, వారిలో చాలామందికి సొంత ఇన్సులిన్ జాడ ఇంకా కనిపించింది. ఊట పూర్తిగా ఆరిపోవడం ఎంత ఆలస్యమో చూడండి. యాభై ఏండ్లు జీవించారన్న సంగతికూడా గమనించండి.

ఆ తల్లి నెల క్రితం మరల వ్రాసింది. చూర్ణం మానివేశారట. మామగారు కొంతకాలం మాటాడలేదుగాని, ఇప్పుడు సాయంత్రపు పరీక్ష ఆయనే చేసి నోటుపుస్తకంలో అంకె వేస్తున్నారట. మోతాదు 6నుండి 9కి వచ్చింది. పిల్లవాడు బడికి పోతున్నాడు. సంక్రాంతికి అరిసె ఎంత పెట్టవచ్చు, దానికి ఎన్ని యూనిట్లు కలపవలెను అని ఈసారి ప్రశ్న. మంచి ప్రశ్న. మా బాలవైద్య ప్రసంగకర్తకు పంపించాము. జవాబు పండుగకు ముందువారం ఆరోగ్య కార్యక్రమంలో ప్రసారమవుతుంది.